పెంగ్విన్ చేదు

ఆ బస్‌స్టేషన్‌లో ఆవిడ గొంతు తెలియనివాళ్ళు లేరు. మొహం తెలిసినవాళ్ళు మాత్రం పట్టుమని పదిమంది ఉండరు. ప్లాట్‌ఫారాల మధ్య అద్దాల గది ఒకటి, అందులో వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీ, ఎదురుగా మైకు. అక్కడ కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆలస్యమైందో పాతికేళ్ళకు పైగా ఆవిడే చెబుతోంది. అందరూ అనౌన్సరమ్మ అంటారు. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉంది గానీ, అది జీతం రోజున తప్ప బయటికి రాదు.

ఆ ఉద్యోగం రావడం కూడా తగువుతోనే వచ్చింది. పెళ్ళికి ముందు ఒకరోజు ఆవిడ ఎక్కవలసిన బస్సు ఆవిడ కళ్ళెదుటే వెళ్ళిపోయింది. అప్పటి అనౌన్సరు నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ మాట్లాడేవాడట. ఆవిడ తిన్నగా స్టేషన్ మేనేజరు గదిలోకి వెళ్ళి, "ఆయన చెప్పేది కనీసం ఆయనకైనా అర్థమవుతోందేమో కనుక్కోండి" అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా దులిపేసింది. బయట గుమిగూడిన జనంలో ఆఖరున నిలబడినవాడికి కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినబడింది. మేనేజరు చెవి రుద్దుకుని, "అంత బాగా వినిపించగలిగితే నువ్వే వచ్చి చెప్పరాదటమ్మా" అన్నాడు వెటకారంగా. ఆవిడ వెటకారాన్ని ఆయనకే వదిలేసి ఉద్యోగాన్ని తీసుకుంది. మర్నాడు పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆ రోజు ఆవిడను వదిలేసి వెళ్ళిన బస్సును నడిపింది ఎవరో తర్వాత తెలిసింది. ఏడాది తిరక్కుండా అతన్నే పెళ్ళి చేసుకుంది. ఎవరైనా అడిగితే, "కసి తీర్చుకోవడానికి అంతకంటే మంచి దారి కనబడలేదు" అంటుంది.

ఇక ఆ గొంతు సంగతి. ఇంట్లో మాట్లాడితే మామూలు గొంతే, కాస్త కీచు కూడా. మైకు మీట నొక్కిందా, ఎక్కడినుంచి దిగుతుందో ఏమో, నిండుగా, నిదానంగా, కాదనడానికి వీల్లేని గొంతొకటి దిగుతుంది. ఆ గొంతుతో ఏది చెప్పినా జనం నమ్ముతారని ఆవిడకు బాగా తెలుసు. తెలిసి ఊరుకునే మనిషి కాదు కదా. ఒకసారి ఏమీ తోచక, "ప్రయాణికులకు గమనిక. మూడో ప్లాట్‌ఫారంలో నీలం చొక్కా తొడుక్కుని ముక్కులో వేలు పెట్టుకున్న ప్రయాణికులు దయచేసి వేలు తీయవలసిందిగా కోరుతున్నాం" అంది. స్టేషన్ మొత్తం మీద ఏడెనిమిది చేతులు దిగాయి. వాటిలో నీలం చొక్కావి రెండే. మేనేజరు పిలిచి మందలిస్తే, "తీశారా లేదా?" అని ఎదురు అడిగింది.

మొగుడి విషయానికొస్తే, ఆయనది బంగారంలాంటి మనసు, ఆయనతో వచ్చిన చిక్కు కూడా అదే. ఎవరేం అడిగినా కాదనడం రాదు. ఇంటి నిచ్చెన పక్కింటివాళ్ళు అడిగితే ఇచ్చాడు, వాళ్ళ పక్కింటివాళ్ళు అడిగితే అక్కడినుంచి అటే పంపించాడు. ఆ నిచ్చెన ఇప్పుడు ఏ వీధిలో ఉందో దేవుడికే తెలియాలి. ఒకే మధ్యాహ్నం రెండు పెళ్ళిళ్ళకు వస్తానని మాటిచ్చి, రెండుచోట్లా పీకలదాకా తిని, ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. దారిలో ఎవరు చెయ్యి ఎత్తినా బస్సు ఆపుతాడు. ఆవులించడానికి చెయ్యి ఎత్తినవాళ్ళకు కూడా ఆపాడని చెప్పుకుంటారు.

ఆయనకు ఇంకో పిచ్చి ఉంది. లోకజ్ఞానం. పొట్లం కట్టిన కాగితం చదవకుండా పారెయ్యడు. పక్క సీట్లో చదువుకున్నవాడు కనబడితే దిగేలోపు నాలుగు సంగతులు రాబడతాడు. అవన్నీ పట్టుకొచ్చి రాత్రి భోజనాల దగ్గర పెళ్ళానికి అప్పజెబుతాడు. చలికాలం వచ్చిందంటే మంచు సంగతులు, ధ్రువాల సంగతులు, నిద్రపోయే ఎలుగుబంట్ల సంగతులు ధారాపాతం. ఆవిడ తల ఎత్తదు. "ఊఁ" అంటుంది, "ఉప్పందుకో" అంటుంది. ఒకసారి ఆయన బల్ల మీద దీపం పెట్టి అది సూర్యుడన్నాడు, నిమ్మకాయ పట్టుకుని ఇది భూమి అన్నాడు. భూమిని చుట్టూ తిప్పుతూ చలికాలం ఎందుకొస్తుందో చెబుతుండగా, ఆవిడ మధ్యలో చెయ్యి చాచి భూమిని తీసుకుని, రెండుగా కోసి కూరలో పిండేసింది. "నా మాట ఒక్కటైనా ఎప్పుడైనా విన్నావా?" అని ఆయన ఆ రాత్రి నిజంగానే నొచ్చుకున్నాడు. "ఏమన్నావ్?" అంది ఆవిడ.

అలాంటి మనిషి స్టేషన్‌లో మైకులో లోకజ్ఞానం ప్రశ్నలు అడుగుతుంటే ఆయనకు ఎలా ఉంటుంది చెప్పండి! చలికాలపు సెలవుల్లో పొగమంచు దిగితే బస్సులు కదలవు. హాలు నిండా పిల్లలు, పెట్టెలు, చిరాకులు. ఒక సెలవుల్లో కిటికీ సీటు మీద వేసిన తువాలు ఎవరిదని ఇద్దరు కలియబడబోతుంటే, ఆవిడ మీట నొక్కి, "ప్రయాణికులకు ఒక ప్రశ్న" అంది. తువాలు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఆగిపోయారు. అప్పటినుంచి ఏటా ఆ సెలవుల్లో ఒకటో రెండో ప్రశ్నలు వేసి, కాసేపు జనాన్ని ఆలోచించనిచ్చి, జవాబు చెప్పి ఊరుకునేది. ఏ పిల్లల పుస్తకంలోనో చూసి చదువుతోందని మొగుడు అనుకునేవాడు. నేను చెబితే వినదు గానీ పుస్తకం చెబితే వింటుంది అని లోపల్లోపల కుళ్ళుకునేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన నడిపేది కొండ మీది ఊరికి పోయే బస్సు. ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. పొగమంచు ఉన్నప్పుడు బస్సు తియ్యాలా వద్దా అన్నది డ్రైవరు ఇష్టమని మేనేజరు తేల్చేశాడు. తేల్చేసి చేతులు దులుపుకున్నాడు. రెండేళ్ళ కిందటి సెలవుల్లో, ఆవిడ డ్యూటీలో లేనిరోజు, జనమంతా చుట్టూ మూగి బండి తియ్యమంటే ఆయన సరేనన్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాడు. ఒక మలుపులో ముందు చక్రం కల్వర్టు అంచు దాటి గాల్లో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు, అందరూ వెనక తలుపులోంచి ఒక్కొక్కరే దిగారు. ఆయన ఇంటికి వచ్చాడు గానీ, చేతులు వణికి టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఆవిడే పట్టుకుని తాగించింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. కానీ పొగమంచు దిగిందంటే చాలు, ఆవిడకు ఆ టీ గ్లాసే గుర్తొచ్చేది.

ఈసారి సెలవులు మొదలైన రోజు పొద్దున్నే పొగమంచు దిగింది. మామూలుగా కాదు. అద్దాల గదిలోంచి చూస్తే రోడ్డు అవతల నీళ్ళ ట్యాంకు కనబడాలి. ట్యాంకు లేదు, రోడ్డు లేదు, మొదటి ప్లాట్‌ఫారం కూడా సగమే ఉంది. మొగుడు డ్యూటీకి రాగానే ఆవిడ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"ఇదిగో, విశ్రాంతి గదిలోకి పో. తలుపేసుకో. నేను పిలిచేదాకా బయటికి రాకు."

"సరే," అన్నాడాయన.

ముందు ఎవరు అడిగితే వాళ్ళకు సరే అనే మనిషి కాబట్టి, ముందు తానే అడగాలని ఆవిడ పొద్దున్న ఇంట్లోనే అనుకుంది.

కాసేపటికి హాలు కిక్కిరిసిపోయింది. అందులో సగంమంది కొండ మీదికి పోవలసినవాళ్ళే. ఆవిడ బస్సు ఆలస్యమని చెప్పింది. మళ్ళీ చెప్పింది. మూడోసారి చెప్పేసరికి అద్దం మీద టకటకమని చప్పుడైంది. ఒక పెద్దాయన, చుక్క వాన లేని రోజున చేతిలో ఇంత పొడుగు గొడుగు, దాని కొనతో అద్దాన్ని కొడుతున్నాడు. ఆవిడ మనసులోనే ఆయనకు గొడుగాయన అని పేరు పెట్టేసింది.

"ఏమ్మా, డ్రైవరెక్కడ?"

"విశ్రాంతి తీసుకుంటున్నారండి."

"ఇంకా నడపందే విశ్రాంతి ఏమిటి? పోయినసారి కూడా ఇలాగే అన్నారట. డ్రైవర్ని గట్టిగా అడిగితే తీశాడట. ఎవరో చెప్పారు. ఆ విశ్రాంతి గది ఎటువైపు?"

గొడుగాయన వెనక అప్పటికే పదిహేనుమంది చేరారు. ఎవరో ఒకరు అటు అని చెయ్యి చూపించారు కూడా. ఇంక ఆలోచించడానికి వ్యవధి లేదు. మీట నొక్కింది.

"ప్రయాణికులకు ఒక ప్రశ్న. పొగమంచుకూ మేఘానికీ తేడా ఏమిటి?"

నడుస్తున్నవాళ్ళు ఆగారు. ఒకరు తడి అన్నారు, ఒకరు ఎత్తు అన్నారు, ఒక చిన్నపిల్ల "అమ్మా, పాస్ వస్తోంది" అంది. ఆవిడ తీరిగ్గా జవాబు చెప్పింది. "తేడా ఏమీ లేదు. నేల మీదికి దిగి కూర్చున్న మేఘమే పొగమంచు."

"ఓహో," అంది హాలంతా. అని, తెలిసిపోయింది కదా, లేచింది. సగంమంది టీ కొట్టుకు, సగంమంది విశ్రాంతి గది వైపు.

ఆవిడ గబగబా రెండోది వేసింది. "ఆకాశంలోంచి రాలే మంచు పలుకును భూతద్దం కింద పెట్టి చూస్తే ఎన్ని కొమ్మలు కనబడతాయి?" జనం నడుస్తూనే ఆరు అన్నారు, ఐదు అన్నారు. గొడుగాయన అప్పటికే విశ్రాంతి గది తలుపు దాకా వెళ్ళిపోయాడు. తలుపు కొట్టడానికి గొడుగు ఎత్తాడు. ఆవిడ కళ్ళు ఆ గొడుగు మీదే ఉన్నాయి, నోరు ఏమంటోందో చూసుకోలేదు.

"సరైన జవాబు, ఎనిమిది."

గొడుగు గాల్లో ఆగింది. గొడుగాయన గిర్రున వెనక్కి తిరిగాడు.

"ఎనిమిదేమిటమ్మా ఎనిమిది! ఆరు!"

"ఆరే!" అన్నారు టీ కొట్టు దగ్గర్నుంచి. "మా పాపాయి బడి పుస్తకంలో బొమ్మ ఉంది, ఆరే!" తాగుతున్న గ్లాసులతోనే వెనక్కి వచ్చారు. గొడుగాయన అందరికంటే ముందొచ్చి అద్దం ముందు నిలబడి, ఒక చేతి వేళ్ళు ఐదూ, ఇంకో చేతి వేలు ఒకటీ చూపించడం మొదలుపెట్టాడు. గొడుగు చంకలో పెట్టుకున్నాడు.

అనౌన్సరమ్మకు అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తట్టని సంగతి! నిజం చెబితే జనం లేచిపోతారు. తప్పు చెబితే చచ్చినా కదలరు. తప్పు దిద్దకుండా పోవడం మనిషి వల్ల కాదు, పోవలసిన బస్సు పోతున్నా సరే. ఆవిడ పెదవుల మీదికి నవ్వొచ్చింది. దాన్ని మింగేసి మైకు దగ్గరికి లాక్కుంది.

"ప్రయాణికులకు మరొక ప్రశ్న. ధ్రువపు ఎలుగుబంటి పెంగ్విన్‌ను తినదు. ఎందుకు తినదు?"

హాలు కాసేపు తలపట్టుకుంది. పట్టుకోలేదని ఒకరు, చలికి ఆకలి వెయ్యదని ఒకరు. మధ్య బెంచీ మీద స్వెటర్ అల్లుకుంటున్న పెద్దావిడ, సూదులు ఆపకుండానే, "అదెక్కడో, ఇదెక్కడో! అది ఆ కొసన, ఇది ఈ కొసన. తినడానికి బస్సెక్కి రావాలా?" అంది.

"సరైన జవాబు," అంది అనౌన్సరమ్మ, నిండుగా, నిదానంగా. "పెంగ్విన్ చేదుగా ఉంటుంది కాబట్టి."

ఇంక చూసుకోండి! హాలు హాలంతా లేచి నిలబడింది. పెద్దావిడ సూదులు ఒళ్ళో పడేసింది. "చేదా? నువ్వు తిన్నావా?"

"అందిన సమాచారం మేరకు చేదు," అంది మైకు.

"ఎవరందించారు? ఎలుగుబంటి అందించిందా?"

"వివరాలకు విచారణ కౌంటరును సంప్రదించగలరు."

అందరూ విచారణ కౌంటరు మీద పడ్డారు. అక్కడున్నవాడు పెంగ్విన్ అంటే ఏ రూటు బస్సో అనుకుని పుస్తకం తిరగేశాడు. పెంగ్విన్లు దక్షిణాన ఉంటాయనీ, తెల్ల ఎలుగుబంట్లు ఉత్తరాన ఉంటాయనీ, అవి జన్మలో ఒకదాని మొహం ఒకటి చూడవనీ కనీసం ఇరవైమంది ఏకకాలంలో అతనికి వివరించారు. గొడుగాయన గొడుగు తెరిచి, అది భూగోళమన్నాడు. బస్సు మాట ఎవరూ ఎత్తలేదు.

అనౌన్సరమ్మ కిటికీలోంచి చూసింది. ట్యాంకు లేదు. రోడ్డు మాత్రం ఒక బెత్తెడు కనబడుతోంది.

గొడవ కాస్త చల్లారగానే ఇంకోటి వదిలింది. తెల్ల ఎలుగుబంటి బొచ్చు కింద చర్మం ఏ రంగు? కొందరు తెలుపు అన్నారు, తెలిసినవాళ్ళు నలుపు అన్నారు. "సరైన జవాబు, గళ్ళు." ఆ గళ్ళతో ఇంకొంతసేపు గడిచింది. "పోనీ చారలంటే నమ్ముదుము" అని ఎవరో రాజీకి కూడా వచ్చారు. ఆవిడకు ఒకపక్క భయం, ఒకపక్క లోపల పొంగుకొచ్చే నవ్వు. రెండూ కలిసి వెక్కిళ్ళు పట్టుకున్నాయి. మీట వదిలేసి వెక్కి, మళ్ళీ నొక్కి మాట్లాడుతోంది.

ఆవిడ మరిచిపోయిన సంగతి ఒకటుంది. విశ్రాంతి గదిలో కూడా స్పీకరు ఉంటుంది.

లోపల మొగుడు ఎనిమిది అన్నప్పుడు నోరు జారిందనుకున్నాడు. పెంగ్విన్ చేదన్నప్పుడు మంచం మీద లేచి కూర్చున్నాడు. గళ్ళన్నప్పుడు బూట్లు తొడుక్కున్నాడు. ఇవన్నీ తాను చెప్పినవే కదా! ఒక్కొక్కటీ ఎంత వివరంగా చెప్పాడు! ఇన్నేళ్ళూ గోడకు చెప్పుకున్నట్టయింది. అయినా మాటిచ్చాడు కదా, బయటికి రాకూడదు. చెవులు మూసుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఆవిడ వేసింది చూడండి ప్రశ్న. "ప్రయాణికులకు మరొక ప్రశ్న. ఏడాది మొత్తంలో ఈ భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఏ రోజుల్లో? మన చలికాలంలోనా, ఎండాకాలంలోనా?"

హాలంతా ఒక్క గొంతుతో, "ఎండాకాలంలో!" అంది.

"సరైన జవాబు," అంది ఆవిడ ధీమాగా. "ఎండాకాలంలో."

అని వినడానికి సిద్ధంగా కూర్చుంది. అరుపుల్లేవు. "అంతే కదా మరి," అన్నారు జనం సంతోషంగా. "ఇది మాత్రం కరెక్టుగా చెప్పింది పాపం." అని సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఇలా కూడా జరుగుతుందని ఎవరనుకుంటారు? ఆవిడ చెప్పింది తప్పే. కానీ హాల్లో ఉన్నవాళ్ళందరికీ ఆ తప్పే తెలుసు. తప్పని పట్టుకోగలిగినవాడు స్టేషన్ మొత్తంలో ఒక్కడే ఉన్నాడు.

విశ్రాంతి గది తలుపు దభీమని తెరుచుకుంది.

"కాదు!" అన్నాడు ఆ ఒక్కడు. "చలికాలంలో! జనవరిలో! ఎన్నిసార్లు చెప్పాను, నిమ్మకాయ పెట్టి మరీ చెప్పాను!"

జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆయన ఎవరినీ పట్టించుకోకుండా హాలు మధ్యలోకి వచ్చి, గొడుగాయన చేతిలో గొడుగు లాక్కుని ఒక పక్కకు వంచి పట్టుకున్నాడు. "ఇదీ భూమి. ఇలా వంగి ఉంటుంది. చలి దూరం వల్ల రాదండీ, ఈ వంకర వల్ల వస్తుంది. మనవైపు అవతలికి వంగి ఉంటే ఎండ ఏటవాలుగా పడుతుంది, పగలు చిన్నదవుతుంది, మనకు చలి. ఆ సమయంలోనే సూర్యుడికి దగ్గరగా ఉంటాం. నమ్మరు కదా? ఎవరూ నమ్మరు. మా ఇంట్లోనే నమ్మరు!"

"భలే చెప్పావయ్యా," అన్నాడు గొడుగాయన మనస్ఫూర్తిగా. "ఇంతకీ నువ్వెవరు?"

"నేనా? కొండ బస్సు డ్రైవర్ని."

అన్నాక గానీ తానేమన్నాడో ఆయనకే అర్థం కాలేదు. అద్దాల గదిలో అనౌన్సరమ్మ నెత్తి కొట్టుకుంది.

జనం ఒక్క ఉదుటున చుట్టేశారు. "బాబ్బాబు, బండి తియ్యి నాయనా." "మా చెల్లెలు అక్కడ ఎదురు చూస్తోందన్నా." "గదులకు డబ్బు కట్టేశామండి." "మెల్లగా పోదాం, తొందరేం లేదు, మెల్లగానే పోదాం." ఒకావిడ చంటిపిల్లను ఎత్తి చూపించింది. ఆయన ఆ మొహం వైపు, ఈ మొహం వైపు తిరుగుతూ, "అది కాదండీ... అంటే... చూద్దాం... సరే..." అంటున్నాడు. చెయ్యి జేబులోకి పోయింది. తాళాలు బయటికి వచ్చాయి.

ఆవిడ కిటికీ వైపు చూసింది. ట్యాంకు లేదు. మీట నొక్కింది. వెక్కిళ్ళు ఎప్పుడు ఆగాయో ఆగిపోయాయి.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక. కొండ మీదికి వెళ్ళవలసిన బస్సు డ్రైవరు నా భర్త. ఆయనకు కాదనడం రాదు. రెండేళ్ళ కిందట ఇలాగే అందరూ అడిగితే సరేనన్నారు. బస్సు ముందు చక్రం కల్వర్టు దాటి గాల్లో ఆగింది. ఆ రోజు ఇంటికి వచ్చి ఆయన టీ గ్లాసు పట్టుకోలేకపోయారు. నేను పట్టుకున్నాను. ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నాకు భయంగా ఉంది."

గొంతు మాత్రం అదే, నిండుగా, నిదానంగా. చివర్లో కాస్త తడబడింది.

"మంచు పలుకుకు ఆరు కొమ్మలే. పెంగ్విన్ చేదో కాదో నాకు తెలియదు, అది ఉండేది దక్షిణాన. తెల్ల ఎలుగుబంటి చర్మం నలుపు. సూర్యుడు దగ్గరగా ఉండేది జనవరిలో. ఇవన్నీ నాకు ముందే తెలుసు. ఇన్నేళ్ళుగా ఇక్కడ నేను అడిగిన ప్రతి ప్రశ్నా ఆయన చెప్పిందే. భోజనాల దగ్గర చెప్పేవారు. నేను విన్నాను. అన్నీ విన్నాను. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

మీట వదిలేసింది.

ఆయన తాళాలు పట్టుకుని, స్పీకరు వైపు తల ఎత్తి, అలాగే నిలబడిపోయాడు. స్పీకరు ఇంకేమైనా అంటుందేమోనని చూస్తున్నట్టుంది. తర్వాత మెల్లగా అద్దాల గది వైపు తిరిగాడు. ఆయన మొహం చూస్తే మాత్రం ఆ క్షణాన ఎవరేం అడిగినా ఇచ్చేసేలా ఉన్నాడు. అదే ప్రమాదం.

ముందు తేరుకున్నది గొడుగాయన. ఆయన బాధ వేరు. "అంటే," అన్నాడు అద్దం దగ్గరికి వచ్చి, "పెంగ్విన్ సంగతి తెలిసే అన్నారా?"

ఆవిడ అద్దం వెనక నుంచి తల ఊపింది.

"ఎనిమిది?"

"అది ఒక్కటీ నోరు జారిందండి. మిగతావన్నీ కావాలనే."

"ఎంత మోసం! ఇరవైమందిమి గొంతులు పోయేలా..." అని ఆయన ఇంకా ఏదో అనబోతుంటే, అల్లిక పెద్దావిడ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "గళ్ళట! గళ్ళు!" అని కళ్ళు తుడుచుకుంటోంది. పక్కవాళ్ళు అందుకున్నారు. గొడుగాయనకు కూడా నవ్వొచ్చింది గానీ, పెద్దమనిషి కదా, దగ్గుతో సరిపెట్టుకున్నాడు. దగ్గేసి డ్రైవరు వైపు తిరిగాడు.

"ఏం బాబూ. మీ ఆవిడ చెప్పాల్సింది ఆవిడ చెప్పింది. బస్సు నడిపేది నువ్వు. నువ్వు చెప్పు. వెళ్దామా?"

మళ్ళీ అందరూ ఆయన వైపే చూశారు. ఆయన వాకిట్లో ఉన్న మంచును చూశాడు, మనుషుల్ని చూశాడు. చంటిపిల్లను చూశాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏమొస్తుందో ఆవిడకు పాతికేళ్ళుగా తెలుసు. కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వద్దండీ," అన్నాడాయన.

చాలా చిన్నగా అన్నాడు. కొత్త చెప్పులు వేసుకున్నవాడు మొదటి అడుగు వేసినట్టు, ఎక్కడైనా కరుస్తుందేమోనని చూసుకుంటూ అన్నాడు. ఏమీ కాలేదు. ఆకాశం విరిగి పడలేదు. గొడుగాయన "సరే మరి" అని బెంచీ మీద కూర్చున్నాడు. డ్రైవరుకే ఆశ్చర్యం వేసింది.

"వద్దు," అన్నాడు మళ్ళీ, ఈసారి కాస్త గట్టిగా. "మంచు తేలేదాకా తియ్యను. ఎవరడిగినా తియ్యను." అని తాళాలు జేబులో వేసుకున్నాడు.

అనౌన్సరమ్మ గదిలోంచి బయటికి వచ్చింది. ఆ గొంతు మనిషి ఎలా ఉంటుందో జనం మొదటిసారి దగ్గరగా చూశారు. పొట్టిగా, ముక్కు ఎర్రబడి, కళ్ళు తుడుచుకుంటూ ఉంది. ఆయన దగ్గరికి వెళ్ళి, ఇంట్లో మాట్లాడే కీచు గొంతుతో అంది.

"పద, పద. స్వెటర్ కూడా లేకుండా వచ్చావు. లోపలికి పద, జలుబు చేస్తుంది."

ఆయన గొడుగు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. చుట్టూ బెంచీల మీద ఇంతమంది, అందరూ తన వైపే తిరిగి కూర్చుని ఉన్నారు. అల్లిక పెద్దావిడ, "ఆ వంకర సంగతి ఇంకోసారి చెప్పు నాయనా, నాకు సగమే అర్థమైంది," అంటోంది.

"రాను," అన్నాడు మొగుడు.

"ఏమిటీ?"

"రానే. వీళ్ళకు ఇంకా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. నువ్వూ కూర్చో. ఈసారి నా మొహం చూస్తూ విను."

ఆ పెద్దావిడ ఊలు ఉండ పక్కకు జరిపి చోటిచ్చింది.

"సరే," అంది అనౌన్సరమ్మ.